పేరు కొట్టని కంచం

ఎర్రగుంట్లలో కృపారాణి కుట్టిన జాకెట్టు తొడుక్కోని ఆడమనిషిని వెతకాలంటే కష్టమే. సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఇంజనీర్ల భార్యల దగ్గర్నుంచి రైల్వే గేటు కాడ జామకాయలమ్మే ఆమె దాకా అందరి కొలతలూ ఆమె నాలుక మీదే ఉంటాయి. ఎవరు చిక్కిపోయారో, ఎవరు ఒళ్ళు చేశారో వాళ్ళ మొగుళ్ళకన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. తెలిసినా పైకి అనదు. చంక దగ్గర కుట్టు కాస్త వదిలి తొడుక్కుని చూడమంటుంది, అంతే. ఎదుటి మనిషిని చిన్నబుచ్చడం ఆమెకు చేతకాదు. ఆ చేతకానితనమే ఆమె చేత ఒక పిచ్చిపని చేయించింది. చెప్పబోయేదంతా ఆ పిచ్చిపని గురించే.

ఏళ్ళ తరబడి మిషను తొక్కీ తొక్కీ ఆమె కాళ్ళు వాచాయి. పరీక్ష చేయిస్తే షుగరన్నారు. రోజూ నడవమని డాక్టరు తేలిగ్గా చెప్పేశాడు. ఎర్రగుంట్లలో ఎక్కడ నడుస్తారు? రోడ్డెక్కితే లారీలు, లారీల వెనకే దుమ్ము. నడిచి వచ్చేసరికి నల్ల జుట్టు కూడా నెరిసినట్టు కనబడుతుంది. అందుకని పొద్దు వాలాక హైస్కూలు గ్రౌండుకు పోయేది. రబ్బరు చెప్పులతోనే చుట్లు కొట్టి, ఫోనులో చూసి నేర్చుకున్నట్టు చేతులు పైకెత్తి దించి, నడుము అటూ ఇటూ తిప్పి, చెమట పట్టాక ఇంటి దారి పట్టేది. నాగలక్ష్మమ్మ అక్కడే తోడైంది.

నాగలక్ష్మమ్మ అంటే లారీల వెంకటేశ్వర్లు భార్య. జమ్మలమడుగు దారిలో ఒక పల్లెలో వాళ్ళకు భూములు, టౌన్లో మేడ, ఫ్యాక్టరీకి తిరిగే లారీలు ఉన్నాయి. షుగరు ఆస్తిపాస్తులు చూసి రాదు కాబట్టి ఆమెకూ వచ్చింది. నూలు చీర కింద కొడుకు కొనిచ్చిన తెల్ల బూట్లు వేసుకుని, ఇంట్లో నింపుకున్న నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని గ్రౌండుకు వచ్చేది. ఆ బూట్లు చూసి మొదట్లో పిల్లలు నవ్వారు. ఆమె లెక్కచేయలేదు, ఆమె ఎవర్నీ లెక్కచేసే మనిషి కాదు.

మొదట్లో ఆమె ముందు, ఈమె వెనక నడిచేవాళ్ళు. కొన్నాళ్ళకు పక్కపక్కన నడిచారు. కృపారాణి పిలుపు అమ్మా నుంచి అక్కా అయింది. కోడళ్ళ సంగతులు, మోకాళ్ళ సంగతులు, పొద్దున సూది గుచ్చి చూసుకున్న షుగరు సంగతులు, అన్నీ ఆ గ్రౌండులోనే దొర్లిపోయేవి. ఒకరు రాని రోజు ఇంకొకరికి కాళ్ళు ఆడేవి కావు. ఇది స్నేహం కాదంటే ఇంక స్నేహమంటే ఏమిటో నాకు తెలియదు.

కృపారాణి ఇల్లు చర్చి పక్క వరసలో, గ్రౌండు నుంచి వచ్చే దారిలోనే ఉంది. నడక అయ్యాక నాగలక్ష్మమ్మ ఒక్కోసారి లోపలికి వచ్చి ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. టీ ఇస్తానంటే మానేశానని చెప్పేది. దాహమైతే తన సీసా ఎత్తి గొంతులో పోసుకునేది. ఎండాకాలంలో ఒకనాడు ఆ సీసా ఖాళీ అయింది. నాలుక పిడచగట్టుకుపోయి మాట కూడా సరిగా రావడం లేదు. కృపారాణి బిందె మూత తీసేలోపు ఆమె లేచి, పొద్దుపోయిందని చెప్పి, ఎండిన గొంతుతోనే ఇంటిదాకా నడిచిపోయింది. కృపారాణి చూసింది. చూసి మూత మళ్ళీ పెట్టేసింది.

దీనికి వెనక ఒక సంగతి ఉంది. కృపారాణి పుట్టింది నాగలక్ష్మమ్మ వాళ్ళ పల్లెలోనే, ఊరికి ఎడంగా ఉన్న చర్చి ఇళ్ళలో. ఆమె తల్లి సోమక్క వాళ్ళ చేన్లలోనే వేరుశనగకు కలుపు తీసేది. బాప్తిస్మంలో ఇంకేదో పేరు పెట్టారు గానీ ఊరందరికీ సోమక్కే. మధ్యాహ్నం పెద్దింటి వాకిట్లోకి పోయి, వంగి, దోసిలి పడితే పైనుంచి చెంబుతో నీళ్ళు పోసేవాళ్ళు. తల్లి కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్లకు ఆ నీళ్ళు మోచేతుల మీదుగా మట్టిలోకి కారిపోవడమే గుర్తు. ఇప్పుడు సోమక్క లేదు. మా ఊరి పిల్లవంట గదా అని నాగలక్ష్మమ్మ ఒకసారి అడిగింది, అవునంది కృపారాణి. ఎవరి కూతురివని ఆమె అడగలేదు, ఈమె చెప్పలేదు.

పాస్తా ఆ ఇంట్లోకి స్తుతి వల్ల వచ్చింది. స్తుతి కృపారాణి కూతురు, కడపలో ఒక సూపర్‌మార్కెట్లో బిల్లింగు చేస్తుంది. ఒకసారి వస్తూ గోధుమ పాస్తా ప్యాకెట్లు తెచ్చి, చికెన్ వేసి వండడం తల్లికి నేర్పి వెళ్ళింది. కృపారాణికి అది నచ్చేసింది. నడిచి వచ్చిన ఆకలికి గబగబా అయిపోతుంది, కడుపు నిండుతుంది, ఆ పూటకు అన్నం జోలికి పోనక్కర్లేదు. నాగలక్ష్మమ్మ ఒక సాయంత్రం గ్రౌండులో తన చపాతీల మీద విరుచుకుపడింది. రోజూ రాత్రి అవే చపాతీలు నమిలీ నమిలీ నోరు చచ్చిపోయిందట. కోడలు వేరే ఏదీ చేయదట. కృపారాణి ఊరుకోలేక పాస్తా సంగతి చెప్పింది. ఆమె నడక ఆపేసి అంతా విన్నది. వింటుంటేనే నోరూరుతోందంది. మా ఇంట్లో తిందువు రాక్కా అని కృపారాణి నోరు జారింది.

జారిన మాట జారినట్టే ఉండిపోయింది. నాగలక్ష్మమ్మ కాదనలేదు, వారాలు చెప్పింది. సోమవారం శివుడిది, వాళ్ళ ఇలవేల్పు మహానంది ఈశ్వరుడు. మంగళవారం ఒక పొద్దు. గురువారం బాబాది. శుక్రవారం దీపం పెట్టుకోవాలి. శనివారం వెంకన్నది. ఆదివారం ఇంటి నిండా చుట్టాలు. మిగిలింది బుధవారం. ఆ బుధవారం సాయంత్రం కృపారాణికి చర్చి ఆడవాళ్ళ ప్రార్థన ఉంటుందని, ఆమె పాట ఎత్తుకోనిదే ఆ ప్రార్థన మొదలు కాదని నాగలక్ష్మమ్మకు బాగా తెలుసు. తెలిసే ఆ ఒక్క రోజు వదిలిందేమో, ఆ పైవాడికే తెలియాలి. కృపారాణి మాత్రం మర్నాడే పాస్టరమ్మ దగ్గరికి పోయి, కొన్నాళ్ళు బుధవారం పాట ఇంకెవరైనా ఎత్తుకోవాలని చెప్పి వచ్చింది. బుధవారమే రమ్మంది. నాగలక్ష్మమ్మకు ఇంక తప్పుకునే దారి లేదు. సరేలేమే అంది.

కృపారాణి భర్త ఏసన్న ఫ్యాక్టరీలో సిమెంటు మూటలు నింపే చోట పనిచేస్తాడు. నాలుగు మాటలు మాట్లాడితే రెండుసార్లు దగ్గే మనిషి. ఆ రోజు మాత్రం దగ్గకుండా చెప్పాడు, వాళ్ళు వస్తారు గానీ తినరు అని. మనవాళ్ళ పెళ్ళిళ్ళకు వచ్చి కానుక కవరు చేతిలో పెట్టి పోతారే గానీ భోజనానికి కూర్చోరు గదా, నీకెందుకీ ఆశ అన్నాడు. కృపారాణికి ఒళ్ళు మండింది. మండినా మొగుడి మాట తీసెయ్యలేకపోయింది. వండాక ఆమె ఏదో వంక చెప్పి లేచిపోతే ఎలా? రేపు గ్రౌండులో ఏ మొహం పెట్టుకుని పక్కన నడవాలి? ఆమె తన ఇంట్లో ఒక్క ముద్ద తినాలి. ఆ వారమంతా కృపారాణికి అంతకు మించిన కోరిక లేదు.

అప్పుడు చేసింది ఆ పిచ్చిపని. స్టీలు సామాన్ల అంగడికి పోయి ఒక కొత్త కంచం కొన్నది. తను, మొగుడు, కూతురు తిన్న కంచాల్లో పెడితే ఆమెకు ఎలా ఉంటుందో, ముద్ద దిగుతుందో దిగదోనని. ఎవరూ తినని కంచమైతే ఆమెకు ఏ ఇబ్బందీ ఉండదు గదా. అంగడాయన మామూలుగా మిషను చేతిలోకి తీసుకుని, పేరేం కొట్టాలని అడిగాడు. ఈ పక్కల స్టీలు సామాను ఏది కొన్నా దాని మీద ఒక పేరు చెక్కించుకోకుండా అంగడి దిగరు. కృపారాణి ఇంట్లో కంచాలన్నిటి మీదా ఆమెదో ఏసన్నదో స్తుతిదో పేరు ఉంటుంది. ఆమె కాసేపు ఆలోచించి పేరు వద్దంది. పేరు లేని కంచం ఎవరైనా ఎత్తుకుపోతే ఎట్లక్కా అన్నాడాయన. ఆమె కంచం సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

బుధవారం ఇద్దరూ మామూలు కంటే ఒక చుట్టు తక్కువే నడిచారు. మాటలు కూడా తక్కువే. ఇంటికి వచ్చాక నాగలక్ష్మమ్మ బూట్లు వాకిట్లో విడిచి, వంటింటి గడప ఇవతల కుర్చీ వేసుకుని, సీసా కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. కృపారాణి చెమట కూడా తుడుచుకోకుండా పొయ్యి ముట్టించింది.

ఒక పొయ్యి మీద గిన్నెడు నీళ్ళు మరిగాక ఉప్పేసి పాస్తా పోసింది. రెండో పొయ్యి మీద బాండలి పెట్టి, నూనెలో దంచిన తెల్లగడ్డలు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ వేయించింది. పొద్దున్నే ఎముకల్లేకుండా కొట్టించి, పెరుగు, ఉప్పు, మిరియాల పొడి పట్టించి ఉంచిన చికెన్ ముక్కలు అందులో వేసి మూత పెట్టింది. స్తుతి కారం వేయొద్దని మరీ మరీ చెప్పింది గానీ, కడప జిల్లా నోటికి మిరియాలు ఏ మూలకు? చెంచాడు కారం పడింది. టమాటాలు మెత్తబడ్డాక కాసిన్ని పాలు పోసింది. పాస్తా ఒకటి నోట్లో వేసుకుని చూసి, ఉడికిన నీళ్ళు ఒక గ్లాసు పక్కన ఉంచి, మిగతావి వార్చేసి, గొట్టాలన్నీ బాండలిలోకి వంచింది. పక్కనుంచిన నీళ్ళు కాస్త కాస్త పోస్తూ కలిపితే గుజ్జు గొట్టాలకు పట్టుకుంది. పైన కొత్తిమీర చల్లింది. ఇంతే వంట. మన దగ్గర సంగటి కెలకడానికి పడే కష్టంలో సగం కూడా లేదు. గొట్టాల్లోకి కూడా కూర పోతాదామే అని నాగలక్ష్మమ్మ కుర్చీలోంచి మెడ చాచి చూసింది.

కొత్త కంచం కడిగి, తుడిచి, అందులో వడ్డించి ఆమె చేతికిచ్చింది. తన కంచంలో తను పెట్టుకుని కింద కూర్చుంది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది గానీ, అన్నపానాల కోసం కృతజ్ఞత చెప్పడం మానేసి, ఈమె తినేట్టు చూడు తండ్రీ అని అడిగింది. కళ్ళు తెరిచేసరికి నాగలక్ష్మమ్మ కంచాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. అంచు మీద స్టిక్కరు చిన్న ముక్క ఇంకా అతుక్కునే ఉంది. ఆమె గోటితో దాన్ని గీకి తీసేసింది. తర్వాత తిన్నది. మారు వడ్డిస్తే అదీ తిన్నది. తన సీసా ఎత్తి నీళ్ళు పోసుకుని, చపాతీల పీడ ఈ పూటకు వదిలిందని నవ్వింది.

కృపారాణికి సంతోషం పట్టలేకపోయింది. తల్లి ఉంటే పరుగెత్తుకుపోయి చెప్పేది. నాగలక్ష్మమ్మ చేయి కడుక్కుని, బూట్లు వేసుకుంటూ, ఇంట్లో ఈ సంగతి చెప్పనని, చెప్తే వెంకటేశ్వర్లు ఊరికే ఉండడని అంది. గుమ్మం దాటబోయి ఆగింది.

"ఆ కంచం పక్కన పెట్టుమే. వచ్చే బుధవారం గూడా వస్తా గదా" అంది.

ఎంతో ఆప్యాయంగా అన్న మాటది. కృపారాణి అలాగేనక్కా అంది. కంచం తోమి, స్టాండులో కాకుండా పై అరలో, పిండి డబ్బా పక్కన విడిగా పెట్టింది.

ఏసన్న పని దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆమె గెలిచినట్టు చెప్పేదంతా విన్నాడు. మంచిదే అన్నాడు. ఆకలి మీద ఉన్నాడేమో, చేతికి అందిన ఆ పై అరలో కంచమే తీసుకున్నాడు. కృపారాణి చటుక్కున చేయి పట్టుకుంది. దాంట్లో వద్దు, అది అక్క కంచం అంది.

ఏసన్న కంచాన్ని మళ్ళీ అక్కడే పెట్టాడు. ఆమె వైపు చూడలేదు.

"టీ అంగట్లో మా నాయన గ్లాసు యాడ పెడతాండిరో నీకు తెలుసు గదా. చూర్లో. మనింటికి గూడా చూరు కట్టినావే రాణీ" అన్నాడు.

తర్వాత తన కంచం తీసుకుని, పెట్టింది తిని, సంగటే నయమని చెప్పి పడుకోబోయాడు. కృపారాణి పొయ్యి దగ్గరే ఉండిపోయింది. సిగ్గుతో ఆమె మొహం మండిపోయింది. నాగలక్ష్మమ్మ అడగలేదు. వెంకటేశ్వర్లు చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే, తన దుడ్లతో తనే కొని తెచ్చి, తన ఇంట్లో తనే వేరు పెట్టింది. సోమక్క కడుపున పుట్టి ఈ పని చేసింది. ఇంకొకరు చేసి ఉంటే వాళ్ళను తిట్టిపోసుకునేది.

ఆ వారం గ్రౌండులో నాగలక్ష్మమ్మ ఎప్పటిలాగే మాట్లాడింది, ఈమె ఊ కొట్టింది. మిషను ముందు కూర్చుంటే కుట్టు వంకర పోయింది, విప్పి మళ్ళీ వేస్తే మళ్ళీ పోయింది. బుధవారం రావొద్దని చెప్పేస్తే సరిపోతుంది. కంచాన్ని చర్చి వంటింటికి ఇచ్చేసినా సరిపోతుంది. ఏమీ జరగనట్టు ఏసన్న కంచంలో వడ్డించినా సరిపోతుంది. కానీ ఏది చేసినా దాచినట్టే ఉంటుంది. ఎంత కాలం అని దాస్తుంది? చివరికి కంచాన్ని సంచిలో పెట్టుకుని అదే అంగడికి పోయింది. పేరు కొట్టాలంది. అంగడాయన నవ్వి, ఏం పేరని అడిగాడు. తన పేరు చెప్పబోయి ఆగింది.

"సోమక్క" అంది.

మిషను గీమని అరిచింది. లోపలి అంచు మీద చుక్క చుక్కగా అక్షరాలు లేచాయి.

బుధవారం వచ్చింది. నడక అయింది. కృపారాణి అదే వంట అదే వరసలో చేసింది గానీ, ఈసారి ఉప్పు రెండుసార్లు రుచి చూసుకుంది. నాగలక్ష్మమ్మ ఆ పేరు చదివి కంచం కింద పెట్టి లేచిపోవచ్చు. రేపటి నుంచి గ్రౌండులో ఇంకో వైపు నడవచ్చు. అది కృపారాణికి తెలుసు. తెలిసే వడ్డించింది. అక్షరాల మీద కూడా పాస్తా పడేట్టు నిండా వడ్డించి, చేతికిచ్చి, తను ఎదురుగా కూర్చుంది.

నాగలక్ష్మమ్మ తింటూ కోడలి సంగతి ఏదో మొదలుపెట్టింది. సగం తిన్నాక మాట ఆగింది. వేలితో గుజ్జు పక్కకు తోసి, కంచాన్ని లైటు వైపు వంచింది.

"ఏ సోమక్క?" అంది.

"మాయమ్మ. మీ చేన్లో కలుపు తీస్తాండె."

నాగలక్ష్మమ్మ ఆ పేరు మళ్ళీ చదివింది. చేయి కంచంలోనే ఉంది.

"పొడుగ్గా ఉండేది. ఎర్రరాళ్ళ కమ్మలు పెట్టుకుంటాండె" అంది మెల్లగా. "నేను కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్త చెంబు నా చేతికిచ్చింది. ఎత్తి పొయ్యి, తగలనియ్యాకు అనింది. నేనే పోసినా."

"చూసినానక్కా. నేను పక్కనే ఉంటి."

"నువ్వా ఆ కొంగు పట్టుకున్న పిల్ల?"

"నీళ్ళన్నీ మోచేతుల కాడికే కారిపాయ. మాయమ్మ తాగింది శానా తక్కువ."

ఎదురుగా ఉన్న మనిషి లేస్తుందేమోనని కృపారాణి ఆమె కాళ్ళ వైపే చూస్తూ కూర్చుంది.

నాగలక్ష్మమ్మ లేవలేదు. కంచంలో మిగిలింది తిన్నది. గుజ్జు వేలితో తుడుచుకుని తిన్నది, పేరు మొత్తం బయటపడేదాకా తిన్నది. కుర్చీ కాళ్ళ దగ్గర ఆమె సీసా నిండుగానే ఉంది.

"నీళ్ళియ్యిమే" అంది.

కృపారాణి సీసా వైపు చూసింది గానీ దాని మాట ఎత్తలేదు. లేచి, బిందెలో ముంచి, రోజూ తను తాగే గ్లాసులోనే ఇచ్చింది. నాగలక్ష్మమ్మ వాళ్ళ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎవరి ఇంట్లోనైనా, సొంత ఇంట్లో కూడా గ్లాసు ఎత్తి గొంతులో పోసుకుంటారు, మూతికి తగలనివ్వరు. ఆమె పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అట్లాగే తాగింది. ఆ సాయంత్రం ఎత్తలేదు. గ్లాసును రెండు చేతులా పట్టుకుని, అంచు పెదాలకు ఆనించి, కరుచుకుని అడుగుదాకా తాగింది. తాగి, గ్లాసు చాచి ఇంకొంచెం పొయ్యమంది.